అచ్చేసిన నవ్వు

28 జూలై 2021, బుధవారం

పొద్దున్నుంచీ వాన. ఈయన హజీరా ప్లాంటుకి వెళ్ళి నాలుగు రోజులైంది. అక్కడ కోవిడ్ వల్ల ఇంకా పదేసి రోజులు లోపలే ఉండిపోయే డ్యూటీలు నడుస్తున్నాయి. సుప్రజ తన గది తలుపేసుకుని ఆన్‌లైన్ క్లాసులో ఉంది. ఇంట్లో నాకు బదులు పలికేది కుక్కరొక్కటే.

మా పైన ఐదో అంతస్తులోకి తెలుగువాళ్ళెవరో దిగారని వాచ్‌మన్ మొన్ననే చెప్పాడు. ఇవాళ కూరగాయలు తెచ్చుకుని లిఫ్టు ఎక్కితే వాళ్ళే. అతని పేరు నిరంజన్‌ట, బ్యాంకు ఆఫీసరు. పక్కన ఒకావిడ. రెండు మాస్కులు, వాటి మీదుగా చున్నీ. కళ్ళు మాత్రం బయట ఉన్నాయి.

ఆ కళ్ళు చాలు నాకు.

"మీరు కోమలిగారు కదండీ?" అనేశాను. తత్వశాస్త్రంలో ఎమ్మే చదివి, నలభై నాలుగేళ్ళు వచ్చి, ఏం లాభం? నోరు ఆగలేదు. నా చెయ్యి అప్పటికే సంచిలో ఉల్లిపాయల కింద ఫోను వెతుకుతోంది.

ఆవిడ లిఫ్టు అద్దంలోకి ఒక్క క్షణం చూసి, ముఖం గోడవైపు తిప్పేసుకుంది.

"కాదండీ. మా అక్క వసంతలక్ష్మి," అన్నాడు నిరంజన్. "మీరు నాలుగా?"

"నాలుగు."

నాలుగు వచ్చింది. దిగాను. తలుపులు మూసుకునేదాకా ఆవిడ ఇటు తిరగలేదు.

29 జూలై

కోమలే. పొరపాటు పడే ప్రశ్నే లేదు.

పొరపాటు పడ్డానేమో.

3 ఆగస్టు, మంగళవారం

పెళ్ళై ఈ సూరత్ వచ్చినప్పుడు సుప్రజ కడుపులో ఉంది. హిందీ అంతంతమాత్రం, గుజరాతీ అసలే రాదు. ఈయన షిఫ్టుకి వెళితే మళ్ళీ వచ్చేదాకా తలుపు తీసే పనే ఉండేది కాదు. మధ్యాహ్నం రెండింటికి కోమలి వచ్చేది. టీవీలో కనిపించేది అని రాయబుద్ధి కావడంలేదు. వచ్చేది.

ఆడవాళ్ళు ఫోన్లు చేసేవాళ్ళు. అత్తగారి గొడవలు, పిల్లల చదువులు, ఊరికే ఏడుపు. ఆవిడ అంతా వినేది. చివర్న రెండు మాటలు చెప్పి నవ్వేది. ఎడమవైపు పన్ను మీద పన్ను. దాన్ని దాచుకోవాలని చూసేది కాదు. ఎంత అందగత్తెలున్నా మాకందరికీ ఆ పన్నే నచ్చేది.

ఒకసారి నాకు లైను కలిసింది. నేనేం మాట్లాడానో గుర్తులేదు. ఆవిడ అన్నది ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. "సూరత్ చెల్లీ, ముందు కూరగాయల పేర్లు నేర్చుకో. బేరమాడటం వస్తే ఊరు నీదే." ఆ తర్వాత నవ్వింది. నా కోసం.

మర్నాడే నేర్చుకున్నాను. రీంగణా అంటే వంకాయ, బటాకా అంటే బంగాళాదుంప, డుంగళీ అంటే ఉల్లిపాయ. ఇన్నేళ్ళుగా బండివాడి దగ్గర డుంగళీ అన్నప్పుడల్లా కోమలి గుర్తొస్తుంది. ఆవిడ టీవీలో కనబడటం మానేసినా, ఎక్కడో ఏదో సీరియల్లో తల్లి వేషం వేసినా, నాకు మాత్రం ఉల్లిపాయల దగ్గర రోజూ కనిపిస్తూనే ఉంది.

అలాంటి మనిషి నా నెత్తిమీద కాపురం ఉంటే పలకరించకూడదా?

11 ఆగస్టు, బుధవారం

రెండు విషయాలు.

ఒకటి, పై ఫ్లాటులో మిక్సీ. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఏడింటికి. పచ్చడి కోసం అయితే ఒకసారి వేస్తారు, మహా అయితే రెండుసార్లు. వీళ్ళు మూడు పూటలా చాలాసేపు తిప్పుతారు. ఆగుతుంది, ఎవరో మూత తీసి చూసినట్టు కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ మొదలు. ఆ ఇంట్లోంచి వచ్చే శబ్దం అదొక్కటే. టీవీ లేదు, మాటలు లేవు.

రెండోది, లిఫ్టు అద్దం. రోజూ తెల్లారేసరికి దానిమీద ఎవరో న్యూస్‌పేపరు అంటించేస్తున్నారు. అంచులకి టేపు వేసి, చాలా జాగ్రత్తగా. వాచ్‌మన్ చింపేస్తాడు. మర్నాటికి మళ్ళీ ఉంటుంది. "పతా నహీ మేడమ్, కోయీ పాగల్ హై," అన్నాడు ఇవాళ. పిచ్చివాళ్ళెవరు, పిల్లల పనే అయి ఉంటుంది.

20 ఆగస్టు, వరలక్ష్మీవ్రతం

సాయంత్రం నేనే వాయనం పట్టుకుని పైకి వెళ్ళాను. వాయనానికి ఎవరూ తలుపు వెయ్యరు కదా. శనగలు, పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ, ఒక డబ్బాలో జంతికలు. నిరంజన్ తలుపు సగమే తీశాడు. లోపల హాల్లో గోడకి అద్దం ఉండాల్సిన చోట మేకొకటి ఉంది.

"అక్కకి బయటి తిండి పడదండీ," అన్నాడు.

"బయటి తిండేమిటండీ, ఇది అమ్మవారి ప్రసాదం."

తీసుకున్నాడు. నేను మెట్లు దిగుతుండగానే పైన మిక్సీ మొదలైంది. గట్టివి పడ్డట్టు టపటపా కొట్టుకుని, తర్వాత మెత్తబడింది. వాయనం శనగల్ని పిండి చేసి సింకులో పోశారా? ఇంత గర్వమా? ఒకప్పుడు మాలాంటివాళ్ళు చూస్తేనే కదా ఆవిడ కోమలి అయింది.

ఇలా రాయకూడదేమో. రాశాను.

21 ఆగస్టు

జంతికల డబ్బా తిరిగి ఇవ్వడానికి నిరంజన్ వచ్చాడు. జంతికలు అలాగే ఉన్నాయి. శనగలు లేవు.

గుమ్మంలోనే నిలబడి, "విశాలాక్షిగారూ, ఒక్క మాట," అన్నాడు. "మీరు అనుకున్నది నిజమే. కానీ ఎవరితోనూ అనకండి. ఆమెను ఎవరూ చూడని చోట ఉంచాలనే ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుని ఈ ఊరు తీసుకొచ్చాను. ఆమెకి ఎవరూ తెలియని ఊరు ఇదొక్కటే దొరికింది."

"ఏమైందండీ ఆవిడకి?"

"బాగానే ఉంది. ఎవరూ చూడకపోతే బాగానే ఉంటుంది."

ఒట్టేశాను. అతను నా చేతులవైపు చూశాడు. ఒట్టు వేయించుకునేవాళ్ళు చేతులవైపు ఎందుకు చూస్తారో.

30 ఆగస్టు

స్వరాజ్యానికి చెప్పాను. ఒక్క స్వరాజ్యానికే. పద్నాలుగేళ్ళ స్నేహం. రైల్వే క్వార్టర్స్‌లో ఉంటుంది, మన తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపు నడిపేది తనే. అయినా స్వరాజ్యానికి చెప్పడం అంటే ఎవరికో చెప్పినట్టు కాదు. నాలో నేను అనుకున్నట్టే.

"నువ్వు కళ్ళారా చూశావా?" అంది.

"కళ్ళే చూశాను."

"అమ్మో, నాకు ఒళ్ళు జలదరిస్తోందే విశాలా!"

7 సెప్టెంబర్, మంగళవారం

బిల్డింగు కింద ఇద్దరాడవాళ్ళు నిలబడి ఐదో అంతస్తు బాల్కనీకేసి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. డిండోలి నుంచి వచ్చారట, బస్సు మారి మరీ. వీళ్ళకి మర్యాద తెలియదు. ఎవరి ఇంటికో వచ్చి ఇలా నిలబడతారా? సాయంత్రానికి ఆ బాల్కనీకి దుప్పటి కట్టేశారు.

సుప్రజ అన్నం తింటూ మొదలుపెట్టింది. "మమ్మీ, ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"నాకేం తెలుసు?"

"తేం జ కహ్యూ నే? నువ్వే చెప్పావు కదా! జవా దే నే మమ్మీ, వదిలెయ్. ఆవిడకి ప్రైవసీ ఉండదా?"

"రోజూ మధ్యాహ్నం మన ఇంటికి వచ్చేది. అప్పుడు నాకు ప్రైవసీ ఉందా?"

"టీవీ ఆన్ చేసింది నువ్వు."

"పలకరిస్తే జవాబు చెప్పడం కనీస మర్యాద. సినిమావాళ్ళైనా, టీవీవాళ్ళైనా. మనం లేకపోతే వాళ్ళెవరు?"

"వాళ్ళు లేకపోతే నువ్వెవరు మమ్మీ?"

దానికి పద్దెనిమిదేళ్ళు. ఏదో నోటికొచ్చినట్టు అంటుంది. దానికేం తెలుసు. రాత్రి ఈయనకి ఫోన్‌లో చెబితే, "ఆవిడ మానాన ఆవిడని వదిలెయ్యరాదూ," అన్నారు. ఆవిడని నేనేం పట్టుకున్నానని?

18 సెప్టెంబర్, శనివారం

మెట్ల మీద ఎదురైంది! ఒక్కతే.

వాచ్‌మన్ అద్దం మీది పేపరు చింపిన రోజున ఆవిడ లిఫ్టు ఎక్కదని నేను గమనించాను. అందుకే మెట్ల దగ్గర ఉన్నాను. ఉన్నాను అంటే, తులసి ఆకులు కోసుకోవడానికి.

అంతా చెప్పేశాను, ఊపిరి తీసుకోకుండా. రెండువేల మూడు, ఫోను, కూరగాయల పేర్లు. "నేనేనండీ, సూరత్ చెల్లిని." ఆవిడ కదలకుండా విన్నది. అచ్చం అప్పట్లో విన్నట్టే. తర్వాత చెయ్యి చాచి, అరచేతిని నా మాస్కు మీద, సరిగ్గా నోటి మీద ఆనించింది. కొంచెం నొక్కింది. చల్లటి చెయ్యి. అలాగే కాసేపు ఉంచింది, లోపల పళ్ళు తడిమి చూస్తున్నట్టు.

ఆ తర్వాత పైకి వెళ్ళిపోయింది.

ఆశీర్వదించింది. ఇంకేమిటి దానర్థం? గుర్తుపట్టింది కూడా.

9 అక్టోబర్, శనివారం

ఆవిడ పుట్టినరోజు ఈ నెలలోనేనని గ్రూపులో ఎవరో బయటికి తీశారు. ఇక్కడి వెన్నెల పండగ చాంద్‌నీ పడ్వా తర్వాత రెండు రోజులకి. ఏదైనా చెయ్యాలి అన్నారందరూ. ఆలోచన మాత్రం నాది. ఇన్నేళ్ళు ఆవిడ మాకు ఒక నవ్వు ఇచ్చింది. మాస్కుల వల్ల మా ముఖాలు ఎలాగూ ఆవిడకి కనబడవు. ఆ నవ్వునే మాస్కుల మీద అచ్చువేయించి, అందరం పెట్టుకుని ఆవిడ ముందు నిలబడితే? ఆవిడ నవ్వు ఆవిడకే తిరిగి ఇచ్చినట్టు. స్వరాజ్యం ఫోన్‌లో ఏడ్చేసింది.

ఇవాళ ఇద్దరం ఆటోలో లింబాయత్ వెళ్ళాం. బుచ్చిరాములుది చిన్న డిజిటల్ ప్రింటు కార్ఖానా. సిరిసిల్లవైపు మనిషి. లాక్‌డౌన్‌లో చీరలు ఆగిపోయినప్పుడు మాస్కుల పని పట్టుకున్నాడు. మనుషుల ముఖంలో కింది సగం ఫొటో తీసి మాస్కు మీద వేసి ఇవ్వడం పోయినేడు ఇక్కడ పెద్ద వేడుక.

"రాండ్రి మేడం, కూసోండ్రి. జర పంఖా దిక్కు జరుగుండ్రి, మిషిన్ కాడ గరం గరం ఉంటది." స్వరాజ్యం ఫోన్‌లో ఫొటో చూపించగానే లేచి నిలబడ్డాడు. "గీమెనా! మా అవ్వ చీరెలకు దారాలు కత్తిరించేది మేడం. గీమె టీవీల ఒచ్చిందంటే కత్తెర బంద్. సేఠ్ తిట్టినా బంద్. అప్పట్ల మా చీరెల డబ్బాల మీద గీమె ఫోటోనే ఏసేటోళ్ళం. కోమలి మాల్ అని మార్కెట్ల మస్తు నడిచింది."

"ఆవిడ ఒప్పుకుందా?" అన్నాను.

"గామెను అడిగిందెవలు?" అని నవ్వాడు.

కంప్యూటర్లో ముఖం తెరనిండా పరుచుకుంది. "కళ్ళు తీసేస్త మేడం. మాస్కుకు కళ్ళెందుకు?" కోసేశాడు. ముక్కు సగం దగ్గర్నుంచి గడ్డం దాకా మిగిలింది. పెద్దది చేసి పన్ను మీద పన్ను దగ్గర ఆపాడు. "గిది ఖరాబు లెక్క కొడ్తుంది. సాఫ్ జెయ్యాల్నా?"

"వద్దు వద్దు!" ఇద్దరం ఒకేసారి అన్నాం.

మొదట కాగితం మీద అచ్చు పడింది. కాగితం మీద రంగులు పాలిపోయి, బూడిద పూసినట్టు, ప్రాణం లేనట్టు ఉంటాయి. దాన్ని తెల్లబట్టతో కలిపి వేడి యంత్రంలోకి పంపిస్తే అవతలి వైపు బట్ట మీద రంగు తేరుకుని వస్తుంది. అలా వచ్చాయి. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని కింద ఒకటి, మీటర్ల కొద్దీ నోళ్ళు. పొగ కక్కుతూ, నవ్వుతూ, బల్ల మీది నుంచి కిందికి జారుతున్నాయి.

బుచ్చిరాములు ఒకటి కత్తిరించి తన ముఖానికి పెట్టుకున్నాడు. "ఎట్లున్న మేడం?"

"అమ్మ బాబోయ్, మీసాలు మింగేసిన కోమలివి!" స్వరాజ్యం నవ్వి నవ్వి బల్లకి ఆనుకుంది. నాకు నవ్వు రాలేదు. అతని గొంతు వచ్చింది గాని, ఆ నోరు కదలలేదు.

అలవాటు లేక అలా అనిపించింది. చాలా బాగా వచ్చాయి.

17 అక్టోబర్, ఆదివారం

నిరంజన్‌ని ఒప్పించాను. పడ్వా సాయంత్రం ఊరంతా టెర్రస్‌ల మీదే ఉంటుంది, వెన్నెల్లో ఘారీ మిఠాయి తింటూ. మా బిల్డింగులో గుజరాతీవాళ్ళు ముందు వైపు కూర్చుంటారు. వాటర్ ట్యాంకుల వెనక సగం ఖాళీగా ఉంటుంది.

"కాసేపు గాలికి తీసుకురండి పాపం. ఘారీ ఒట్టి నెయ్యి, మెత్తగా ఉంటుంది. ఆవిడ తినొచ్చు," అన్నాను. మెత్తగా అని ఎందుకన్నానో. లోపల ఏదో తెలిసే అన్నానా?

అతను గొంతు తగ్గించాడు. "కిటికీ కింద నేల మీద పడుకుని ఆకాశం చూస్తోందండీ, బయటివాళ్ళకి కనబడకుండా. ఎన్ని నెలలైందో గాలి తగిలి." తర్వాత, "అక్కడ ఎవరూ ఉండకూడదు. ఏమనుకోకండి, మీరు కూడా," అన్నాడు.

"నేను కూడా ఉండను."

ఒకసారి చూశాక సంతోషపడుతుంది. అప్పుడు అతనే థాంక్స్ చెబుతాడు.

21 అక్టోబర్, చాంద్‌నీ పడ్వా

రాయలేను.

ఘారీ డబ్బాలు మూత తియ్యకుండానే కిందికి తెచ్చాం.

22 అక్టోబర్, శుక్రవారం

రాస్తే తగ్గుతుందేమో.

ముప్పై మంది దాకా వచ్చారు. ట్యాంకుల వెనక గోడ వెంబడి వరసగా నిలబడ్డాం. సుప్రజ రానంది. "చెడ్డగా ఉంది మమ్మీ, చాలా చెడ్డగా ఉంది," అని తలుపేసుకుంది. చంద్రుడు ఎదర అపార్ట్‌మెంటు మీదికి వచ్చాడు. నేను వరసని ఒకసారి తిరిగి చూశాను. నుదుళ్ళ నీడలో కళ్ళు లేవు. తెల్లటి బట్ట మీద నోళ్ళు మాత్రం తేలుతున్నాయి. అందరివీ ఒకటే. గాలి వీస్తే అన్నీ కలిసి కొంచెం లోపలికి పీల్చుకుని, మళ్ళీ బయటికి వచ్చాయి.

అప్పుడే నాకు తెలిసింది, తప్పు చేస్తున్నామని. అప్పుడు కూడా ఆపొచ్చు. ఆపలేదు.

మెట్ల తలుపు తెరుచుకుంది. ఆవిడ ముందు ఆకాశం చూసింది. చున్నీ కొంచెం వదులు చేసుకుంది. నాలుగడుగులు వేసి, మమ్మల్ని చూసింది.

"హ్యాపీ బర్త్‌డే కోమలిగారూ!" అన్నాం అందరం. ముప్పై గొంతులు. ఒక్క నోరూ కదలలేదు.

ఆవిడ అరవలేదు, వెనక్కి పోలేదు. వరస మొదటికి వెళ్ళి, ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వచ్చింది. నా దగ్గర ఎక్కువసేపు ఆగింది. వేలు చాచి నా మాస్కు మీద ఆ పన్ను మీద పన్నుని ముట్టుకుంది. గోరు బట్టకి గీసుకుంది. తర్వాత రెండు చేతులూ ఎత్తి తన మాస్కులు రెండూ కిందికి లాగేసింది.

పై పెదవి లోపలికి ముడుచుకుపోయి ఉంది. దాన్ని నిలబెట్టాల్సినది వెనక లేదు. ముక్కు ఒక పక్కకి ఒరిగింది. నవ్వడానికి చూసిందనుకుంటాను. మా ముప్పై మంది నవ్వుల ఎదుట.

గోడ అవతల గుజరాతీ పిల్లలు పాటకి చప్పట్లు కొడుతున్నారు.

నిరంజన్ చున్నీ కప్పి తీసుకెళుతూ నాతో ఒకటే అన్నాడు. "మీరు కూడా ఉండనన్నారు."

పొద్దున నేను వాళ్ళ తలుపు దగ్గరికి వెళ్ళాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మే నెలలో హైదరాబాదులో కోవిడ్ తగ్గిందనుకుంటుండగా ఫంగస్ పట్టిందట. ప్రాణం దక్కాలంటే పై దవడ, అంగిలి తీసెయ్యాలన్నారట. తీసేశారు. "అన్నం కూడా మిక్సీలో వేసి ఇవ్వాలండీ. మీ వాయనం శనగలు రుబ్బించుకుని తింది. వాయనం వెనక్కి ఇవ్వకూడదంది."

మెట్ల మీద నా నోటి మీద చెయ్యి పెట్టినప్పుడు ఆశీర్వదించింది అని రాసుకున్నాను నేను.

23 అక్టోబర్

స్వరాజ్యం మొన్న టెర్రస్ మీద మొదటి నుంచీ వీడియో తీస్తోందట.

"తీసెయ్యి. ఇప్పుడే, నేను లైన్లో ఉండగానే."

"తీసేశానే. నేనెవరికీ పంపలేదు, ఒక్క మా చెల్లెలికి తప్ప. అదంటే నేనే కదా విశాలా. దానికి చెప్పడం అంటే ఎవరికో చెప్పినట్టా?"

ఫోను పెట్టేశాను.

సాయంత్రానికి ఎవరిదో తెలియని నంబరు నుంచి ఆ వీడియో సుప్రజ ఫోనుకే వచ్చింది. చీకటిగా, వణుకుతూ ఉంది. కింద కామెంట్లు. 'అయ్యో పాపం.' 'కోమలి కాదు, ఫేక్.' 'నిజమైతే ఇంకొంచెం క్లియర్‌గా తియ్యండి.'

పైన ఇవాళ మిక్సీ చప్పుడు లేదు. మూడు పూటలా లేదు.

24 అక్టోబర్, ఆదివారం

బెల్లు మోగింది. సుప్రజ తలుపు తీసి, వెనక్కి నడుస్తూ వచ్చింది.

కోమలి వచ్చింది. మా ఇంటికి. ముఖానికి ఆ మాస్కు. టెర్రస్ మీద ఎవరో పడేసుకున్నదై ఉంటుంది. సన్నగా నవ్వే కళ్ళు, కింద పన్ను మీద పన్నుతో ఆ నవ్వు. ఒక్క క్షణం, ఎంత సిగ్గులేనిదాన్ని, నా గుండె మధ్యాహ్నం రెండింటి కార్యక్రమం మొదలైనట్టు కొట్టుకుంది.

మాట్లాడింది. బిందెలోంచి వచ్చినట్టు ఉంది గొంతు. గాలంతా ముక్కులోంచి పోతోంది. ఒక్కొక్క మాట విడిగా పేర్చుకుంటూ చెప్పింది. "ఫొటో. తియ్యండి. ఇది. పెట్టండి. అది. అబద్ధమనండి."

నాకు అర్థమవడానికి సమయం పట్టింది. సుప్రజకి వెంటనే అర్థమైంది.

ఆవిడే అంతా సర్దింది. పాతికేళ్ళ అలవాటు కదా. కిటికీ తెర సగం లాగింది. కుర్చీ జరిపింది. మాస్కు తాళ్ళు జుట్టు కిందికి పోనిచ్చి, అంచులు చున్నీతో కప్పింది. వెలుగు వెనకనుంచి వచ్చేట్టు కూర్చుని, సుప్రజని గది ఆ చివరికి వెళ్ళమని చేత్తో చెప్పింది. అంత దూరం నుంచి అది బట్ట అని తెలియదు.

నన్ను పక్కన కూర్చోమంది. నా మాస్కు తియ్యమంది. "నువ్వు. నవ్వు."

నాకు రావడంలేదు. మూతి లాగాను.

"మమ్మీ, ప్లీజ్. నవ్వు," అంది సుప్రజ. ఏడుస్తోంది.

తీసింది. చూశాను. ఫొటోలో నిజంగా నవ్వుతున్నది ఆవిడే. నాదే ఎవరో అచ్చేసి అంటించినట్టు ఉంది.

వెళ్ళేముందు అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను, ఇంత జరిగాక కూడా. "నేను గుర్తున్నానా మీకు? సూరత్ చెల్లి. కూరగాయల పేర్లు?"

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తల అడ్డంగా ఊపింది. నవ్వు మాత్రం అలాగే ఉంది.

12 నవంబర్, శుక్రవారం

వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఏ ఊరో వాచ్‌మన్‌కి కూడా చెప్పలేదు. లిఫ్టులో అద్దం శుభ్రంగా మెరుస్తోంది.

ఫొటో ఎక్కడెక్కడికో వెళ్ళింది. 'ఏమీ మారలేదు మన కోమలి.' 'ఆ పన్ను మీద పన్ను చూడండి, అలాగే ఉంది!' వీడియో ఫేక్ అని అందరూ తేల్చేశారు. 'పక్కన కూర్చున్నావిడ ఎంత అదృష్టవంతురాలో' అని కూడా రాశారు. డిండోలి నుంచి ఒకావిడ నాకోసం వచ్చింది. కోమలిగారు ఎలా మాట్లాడతారండీ అని అడిగింది.

చాలా బాగా మాట్లాడతారు అన్నాను.

28 నవంబర్

మధ్యాహ్నం ఒంటిగంటకి మిక్సీ చప్పుడు. పై ఫ్లాటు తాళం వేసి ఉంది.

5 డిసెంబర్, ఆదివారం

మళ్ళీ అదే చప్పుడు. ఆగడం, నిశ్శబ్దం, మళ్ళీ మొదలవడం. "విన్నావా, పైన," అన్నాను.

సుప్రజ వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది. "మమ్మీ, పైన కాదు. మన మిక్సీయే. నువ్వే వేశావు."

మూత తీసి చూశాను. అన్నం.

ఈయన డ్యూటీ మాని ఎల్లుండి వచ్చేస్తారట. సుప్రజ ఫోన్ చేసినట్టుంది.

9 డిసెంబర్, గురువారం

పొద్దున్నే ఎవరూ లేవకముందు లిఫ్టు అద్దానికి పేపరు నేనే అంటించాను. అంచులకి టేపు వేశాను. ఇప్పుడు ఎవరిని కాపాడాలనో. మాస్కు తీసినప్పుడు నా మూతి నాకు చూడబుద్ధి కావడంలేదు, అంతే.

కూరగాయలు తెచ్చుకుని లిఫ్టు ఎక్కాను. లోపల ఒకావిడ ఉంది. ఐదులోకి కొత్తగా దిగుతున్నారేమో, చేతిలో చీపురు. మాస్కు మీది నుంచి నన్ను చూస్తోంది. చూసి చూసి, "మీరు... కోమలిగారితో ఫొటోలో ఉన్నావిడ కదండీ?" అంది. "కళ్ళు చూసి గుర్తుపట్టాను!" చీపురు చంకలో పెట్టుకుని ఫోన్ తీస్తోంది.

"కాదండీ," అన్నాను.

గోడవైపు తిరిగాను. పేపరు అంచు ఒకటి ఊడుతోంది. నాలుగు వచ్చేదాకా దాన్ని అరచేత్తో అదిమి పట్టుకున్నాను.